వలలో వేసిన వెలుగు

అత్త పోసిన బార్లీ టీ కప్పులో పడలేదు. బల్ల మీద పడి, అంచు దాకా పారి, బు హేరాన్ ఒళ్లోకి కారింది.

"చూసుకో అత్తా!" అంటూ హేరాన్ గబుక్కున లేవబోయింది. కుడి మోకాలు చురుక్కుమంది. పోయిన నెల ఒక మోసగాడి వెంటపడి మెట్ల మీంచి దూకినప్పుడు ఆ మోకాలి లిగమెంట్ సగం తెగింది. అప్పటి నుంచి ఆ కాలు ఆమె మాట వినడం మానేసింది.

"నువ్వే కప్పు జరిపావు," అంది అత్త.

ఆ మాట హేరాన్‌తో అనలేదు, హేరాన్ చెవితో అంది. రాత్రి కారు దిగినప్పటి నుంచీ ఇదే వరస. ఎదురుగా కూర్చోబెట్టి అన్నం పెడుతుంది, మొహం మాత్రం పక్కకు తిప్పుకుంటుంది. కారణం హేరాన్‌కు తెలుసు. తల్లి లేని పిల్లను పెంచి పెద్దచేసిన మేనత్త, కారులో గంట దూరం, అయినా హేరాన్ ఎనిమిది నెలలుగా అటు తొంగిచూడలేదు. ఇప్పుడు వచ్చింది కూడా అత్త కోసం కాదు, కేసు కోసం. ఆ అత్త, బు ఒక్సిం, డెబ్బై రెండేళ్ల వయసులోనూ ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకు దిగి నత్తలు ఏరుకొచ్చే మనిషి. ఊపిరే బిగబట్టగలిగిన దానికి అలక బిగబట్టడం ఒక లెక్కా?

హేరాన్ బయల్దేరుతుంటే అత్త ఒక గుడ్డ మూట పట్టుకుని, గోడ ఆసరాతో వెనకాలే వచ్చింది. కారు తలుపు పిడి కోసం చేత్తో తడిమి, తెరిచి, మూట వెనక సీట్లో పెట్టింది.

"ముల్లంగి కూర పెట్టిన అట్లు. మధ్యాహ్నం ఆకలేస్తే విప్పుకో. మర్చిపోకేం పిల్లా."

"సరే అత్తా," అంది హేరాన్ పైకి. విప్పను గాక విప్పను, అనుకుంది లోపల. మొహం చూసి పెట్టని తిండి నాకెందుకు? అలక ఆ ఇంటి ఆస్తి, మేనకోడలికీ వాటా వచ్చింది.

* * *

దోల్‌గే గ్రామ ఆరోగ్య కేంద్రం గుమ్మంలో సబ్ ఇన్‌స్పెక్టర్ మేంగ్ జియుక్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. సముద్రం అవతలి పెద్ద నేల నుంచి బదిలీ మీద జెజు దీవికి వచ్చినవాడు. హేరాన్ పోలీసు ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్ కాక ముందు ఇద్దరివీ పక్కపక్క బల్లలే. ఆ రోజుల నుంచీ ఒకరి మాట ఒకరికి గిట్టదు.

"రండి డిటెక్టివ్ గారూ! కుంటుతున్నారేం? పోయిన మిషనే ఉంటే మీ కాలికి కాస్త వెలుగు పట్టించేవాళ్లం."

"దొరకనివ్వండి. ముందు మీ బుర్రకు పట్టిద్దాం. అందులోనూ ఏదో తెగినట్టుంది."

లోపల హ్యోన్ సోయంగ్ మంచం అంచున కూర్చుని ఉంది. ఆ ఊరి నర్సూ ఆమే, డాక్టరూ ఆమే, ఊడ్చేదీ ఆమే. హేరాన్‌తో ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి.

"ఊళ్లోవాళ్ల మోకాళ్లూ చీలమండలూ నీకు తెలియనివా," అంది సోయంగ్. "నిండిన వల భుజానేసుకుని నాచు పట్టిన రాళ్లెక్కుతారు. జారితే లిగమెంటే. ఆ లేజర్ కోసం జిల్లా ఆఫీసు చుట్టూ రెండేళ్లు తిరిగానే హేరాన్. కోసే లేజర్ కాదది, మాన్పే లేజర్. చల్లగా ఉంటుంది. రోజూ కాసేపు పెడితే తెగిన పోగులు త్వరగా అతుక్కుంటాయి. మనిషి టిఫిన్ డబ్బాలా పట్టుకుపోవచ్చు. పట్టుకుపోయారు కూడా."

"ఎవరో కాదు, మీరే," అన్నాడు మేంగ్. "సోమవారం, మంగళవారం మీరు ట్రైనింగని సిటీలో ఉన్నారు. బుధవారం పొద్దున వచ్చి పోయిందన్నారు. తాళం పగల్లేదు, కిటికీ విరగలేదు. తాళం చెవి ఒక్కటే, అది మీది. ఏ మసాజ్ సెంటరుకో అమ్మేసి వచ్చారు. నాకైతే లెక్క సరిపోయింది."

హేరాన్ స్నేహితురాలి వైపు తిరిగింది. "ఏమే, తాళం చెవి ఎక్కడ పెట్టి వెళ్లావు?"

సోయంగ్ నేల చూపులు చూసింది.

హేరాన్ కుంటుకుంటూ బయటకు వెళ్లి, గుమ్మం పక్కనున్న నల్లరాతి రోలును కాలితో ఒరిగించింది. కిందనున్న తాళం చెవి తీసి మేంగ్ చేతిలో పెట్టింది.

"ఇది దోల్‌గే, సారూ. ఇక్కడ తాళాలు గాలికి తలుపు కొట్టుకోకుండా వేస్తారు. చెవి ఎక్కడుంటుందో పుట్టిన పిల్లకి కూడా తెలుసు."

"మరి నిన్నంతా అడిగితే చెప్పరేం?" మేంగ్ నర్సు మీద లేచాడు.

"చెబితే అజాగ్రత్త అని ఉద్యోగం తీసేస్తారు. నేను పోతే ఈ కేంద్రం మూస్తారు. ఇంకొకళ్లను వెయ్యరు," అంది సోయంగ్ చిన్న గొంతుతో.

"చెప్పకపోతే జైలు. బాగుంది బేరం," అని హేరాన్ గది పరీక్ష మొదలుపెట్టింది.

గోడ మేకుకు ముదురు పచ్చ అద్దాల కళ్లజోడు వేలాడుతోంది, తలకిందులుగా. సోయంగ్ అలా తగిలించే మనిషి కాదు, చిన్నప్పుడు పెన్సిళ్లను కూడా పొడుగు వరసలో పేర్చేది.

"ఇదెందుకు?"

"లేజర్ పెట్టేటప్పుడు నేనూ పేషెంటూ పెట్టుకోవాలి. కనిపించే ఎర్ర చుక్క ఉంది చూడు, అది దారి చూపడానికే. మాన్పే వెలుగు కంటికి కనపడదు. ఫోన్ కెమెరాలోంచి చూస్తే ఊదారంగులో దొరుకుతుంది. కనపడదు కాబట్టే భయం. ఎండ కొడితే రెప్ప దానంతటదే పడుతుంది కదా, దీనికి పడదు. నేరుగా చూశామంటే లోపల కాలుస్తుంది."

"అంటే దొంగ మిషనూ, చార్జరూ పట్టుకుపోయాడు. కళ్లజోడు పెట్టుకు చూసి, నచ్చక వదిలేశాడు," అంది హేరాన్. వంగి మంచం కింద చూసింది. అక్కడ వాడిపోయి నలిగిన ఆకు ఒకటి దొరికింది. వేళ్ల మధ్య నలిపి వాసన చూసింది. మాచిపత్రి.

"గడ్డి," అన్నాడు మేంగ్. "నిన్న నేనూ చూశాను."

"మీరు చూసింది గడ్డి. నేను చూసింది అద్దం. నీళ్లలో దిగేముందు మసక పట్టకుండా మా ఆడవాళ్లు ముక్కూ కళ్లూ కప్పే అద్దాన్ని ఈ ఆకుతో రుద్దుతారు. సముద్రానికి తీసుకుపోయే అద్దం ఆరోగ్య కేంద్రానికెందుకొచ్చింది?"

ఓడిపోవడం మేంగ్ జాతకంలో లేదు. "ఆకు పట్టుకుని జడ్జి దగ్గరికి వెళ్తారా? ఐదింటికి జిల్లా ఆఫీసరు వస్తున్నాడు. అప్పటికి మిషన్ ఈ బల్ల మీద లేకపోతే ఈవిడ నా కారులో ఉంటుంది."

"ఐదింటికి కదా. అప్పటిదాకా కుర్చీలో కూర్చుని లెక్కలు వేసుకోండి," అని హేరాన్ బయటపడింది. ధైర్యంగా అనేసింది గానీ, వెనక్కి తిరిగి చూస్తే సోయంగ్ మేకు మీది కళ్లజోడు తీసి, తుడిచి, కోటు జేబులో పెట్టుకుంటోంది. ఆ చేతులు అరెస్టు కాగితం మీద సంతకం పెట్టడం హేరాన్ ఊహించలేకపోయింది.

* * *

పోటు తగ్గగానే ఊళ్లోని ఆడవాళ్లందరూ నీళ్లలో దిగిపోయారు. ఒడ్డున, గాలి తగలకుండా గుండ్రంగా రాళ్లు పేర్చిన పొయ్యి దగ్గర హోంగ్ మాల్‌సున్ ఒక్కతే ఉంది. చీలమండ లిగమెంట్ తెగి నెలన్నరగా సోయంగ్ దగ్గర లేజర్ పెట్టించుకుంటున్న మనిషి. పైకొచ్చేవాళ్ల కోసం పంది ఎముకల్లో నాచు వేసి చారు కాస్తోంది.

"పిన్నీ, కాలెలా ఉంది?"

"ఏం చెప్పమంటావే తల్లీ. మిషన్ పోయె, నా కాలూ పోయె." మాల్‌సున్ ఎడమకాలు ఈడ్చి చూపించింది. "రాత్రిళ్లు నిద్ర లేదు. దొంగ సచ్చినోడు..."

సరిగ్గా అప్పుడే చారు పొంగింది. "అయ్యో నా చారు!" అని మాల్‌సున్ రెండంగల్లో పొయ్యి చేరి మూత లాగేసింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, కుంటుకుంటూ వెనక్కి వచ్చింది. ఈసారి కుడికాలు కుంటింది.

హేరాన్ నవ్వు ఆపుకుంది. "నొప్పి ఈ కాల్లోంచి ఆ కాల్లోకి ఎప్పుడు మారింది పిన్నీ?"

మాల్‌సున్ తన రెండు కాళ్లనూ ఒకసారి చూసుకుంది. గరిటె తీసి పక్కన పెట్టింది.

"ఆ పెద్ద నేల పోలీసోడికి చెప్పవు కదా?"

"అది నువ్వు చెప్పేదాన్ని బట్టి."

"నేనే తెచ్చానే. సోమవారం రోలు ఎత్తి, చెవి తీసి, తెచ్చుకున్నా. నా కోసం కాదు! దక్‌సెంగ్ అక్క కోసం. ఆవిడ మోకాలు వాచి గుమ్మడికాయైంది. సోయంగ్ దగ్గరికి వెళ్తే కార్డు మీద లిగమెంటని రాస్తుంది. రాస్తే సంఘం వాళ్లు మానేదాకా నీళ్లలో దిగనివ్వరు. దిగకపోతే ఆవిడ బతకదు. డబ్బు కోసం కాదే, సముద్రం కోసం. నీకు తెలుసుగా."

"మరి ఆవిడకు ఇచ్చావా?"

"ఇవ్వడమేంటి!" మాల్‌సున్‌కు నిజంగానే కోపం వచ్చింది. "ఇస్తే తీసుకుంటుందా? వలలో వేశాను."

హేరాన్‌కు అంతా ఒక్కసారిగా వెలిగింది. ఆ ఒడ్డున అది తాతముత్తాతల నాటి పద్ధతి. బలమున్నవాళ్లు తాము పట్టిన దాంట్లోంచి రెండు నత్తలు ముసలివాళ్ల వలలో, ఖాళీగా పైకొచ్చినవాళ్ల వలలో జారవిడుస్తారు. వేసినవాళ్లు చెప్పకూడదు, పడ్డవాళ్లు అడగకూడదు. తొమ్మిదేళ్లప్పుడు హేరాన్ ఖాళీ వలలో అరచేతంత నత్త కనిపించింది. "ఎవరు వేశారు?" అని గట్టిగా అరిచినందుకు అత్త చెవి మెలిపెట్టింది. ఆ సాయంత్రం ఆ చెవికే వెన్న రాసి, అదే నత్తను గంజిలో వేసి తినిపించింది.

"మంగళవారం దాకా నేను పెట్టుకుని, ఆవిడ వలలో వేశా. సోయంగ్ రాకముందే తిరిగొస్తుందనుకున్నా. అక్క తన దగ్గరే ఉంచుకునే మనిషా? తనకన్నా అధ్వానమైన కాలు ఎవరిదో చూసి వాళ్ల వలలో వేసి ఉంటుంది. ఇప్పుడు ఎవరి వలలో ఉందో నాకెలా తెలుస్తుంది? పోలీసోడు అడిగితే అందరం తెలీదన్నాం. నిజమే కదా మరి!"

"కళ్లకు ఏం పెట్టుకున్నావు?"

"ఆ పచ్చ అద్దాలా? పెట్టుకుంటే నా కాలే నాకు కనపడలా. మిషను మూత మీద బొమ్మ ఉందిగా, మొహానికి గుండ్రంగా ఇంత అద్దం. అచ్చం మన నీళ్ల అద్దమే! అదే పెట్టుకున్నా. అంత లోతున సముద్రాన్నే లోపలికి రానివ్వదు, ఈ గుడ్డి వెలుగును రానిస్తుందా?"

హేరాన్ ఆమె కళ్లలోకి వంగి చూసింది. "పిన్నీ, ఆ వెలుగులోకి చూశావా?"

"నాకేం పని? కాలికి ఆనించి సీరియల్ చూశా."

"నీ తర్వాతవాళ్లో?"

మాల్‌సున్ భుజాలు ఎగరేసింది. చారు కలుపుతూ సముద్రం వైపు చూసి, "రాత్రి గాలికి తెగిన చేపల వల ఒకటి కొట్టుకొచ్చి నల్లరాళ్ల ముందు చిక్కుకుంది. అటు పోకండని అందరికీ చెప్పా. తెల్లటి వల, నీళ్లలో దిగితే ఎదురుగానే కనిపిస్తుందిలే," అంది తనలో తాను.

"ఊళ్లో అన్నిటికన్నా అధ్వానమైన మోకాలు ఎవరిది?" అడిగింది హేరాన్.

మాల్‌సున్ ఆమెను వింతగా చూసింది. "నన్నడుగుతున్నావా? ఒక్సిం అక్క రెండు నెలలుగా గోడ పట్టుకుని పాకుతూ బాత్రూముకు వెళ్తోంది. నీళ్లలోనే నడక, నేల మీద లేదు. నీకు తెలీదూ?"

తెలియదు. హేరాన్ కారు వైపు నడిచింది.

* * *

అత్త ఇంట్లో ఎవరూ లేరు. గుమ్మానికి ఎప్పటిలా తాళం లేదు. కారు వాకిట్లో ఆపి హేరాన్ లోపలికి వెళ్లింది. మనుషుల రహస్యాలు వెతకడం ఆమె వృత్తి. కానీ తనను పెంచిన మనిషి పక్క ఎత్తి చూడడం అలవాటు లేని పని.

పక్క దగ్గర గోడకు చార్జరు తీగ ఉంది. దాని పక్కనే అత్త పాత నీళ్ల అద్దం, అందులో వాడిన మాచిపత్రి. మిషన్ లేదు. బీరువాలో లేదు, బియ్యం జాడీలో లేదు, వాకిట్లో నల్ల మట్టి కుండల్లోనూ లేదు. అత్త కూడా ఇంకెవరి వలలోనో వేసేసిందన్నమాట. ఈ ఊళ్లో ఇంకా ఎన్ని వలలు! గడియారం రెండు దాటింది.

"డిటెక్టివ్ గారూ!"

మేంగ్ గొంతు. హేరాన్ వాకిట్లోకి వచ్చేసరికి అతను ఆమె కారు దగ్గర నిలబడి ఉన్నాడు. లెక్కలు వేస్తూ కూర్చోలేక హేరాన్ జాడ పట్టి వచ్చినట్టున్నాడు, వెనకాల సోయంగ్. కారు వెనక సీట్లోంచి సన్నగా ఒక కూత వినిపిస్తోంది. ఆగుతుంది, మళ్లీ కూస్తుంది.

"చార్జింగ్ అయిపోతే మిషను అలా కూస్తుంది," అంది సోయంగ్ తెల్లబోయి.

మేంగ్ తలుపు తీసి మూట విప్పాడు. పైన వరసగా ముల్లంగి అట్లు. వాటి కింద, ఉతికిన తువ్వాలులో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి, లేజర్ మిషన్.

అట్లూ మిషనూ రెండూ కారు మీద పెట్టి అతను తీరిగ్గా నవ్వాడు. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. లేకపోతే వెతుకుతున్నట్టు నటించారా? మోకాలు మీది. స్నేహితురాలు మీది. కారు మీది. ఇద్దరూ కలిసి చేశారన్నమాట. ఇప్పుడు నా లెక్క ఇంకా బాగా సరిపోయింది."

"మీ లెక్క మీకెప్పుడూ సరిపోతుంది, అదే కదా మీ జబ్బు," అంది హేరాన్. కానీ గొంతులో పదును లేదు. మూట వైపే చూస్తోంది. మధ్యాహ్నం ఆకలేస్తే విప్పుకో, మర్చిపోకేం పిల్లా. అత్త రాత్రి ఆమె కుంటుతూ కారు దిగడం గమనించింది. మిషన్ కోసమే వచ్చిందని వింది. తాను పాకుతూ తిరుగుతున్న మనిషి, తన మోకాలికి అందిన వెలుగును తీసి మేనకోడలి వలలో వేసింది. అటు కాలూ బాగుపడుతుంది, ఇటు కేసూ తేలుతుంది. హేరాన్ అలగకుండా అట్టు తిని ఉంటే పన్నెండింటికే అంతా అయిపోయేది.

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే కళ్లు నిండాయి. చెయ్యి వెనక్కి పెట్టి గుమ్మం పట్టుకుంటే, లోపలి నుంచి తెచ్చిన నీళ్ల అద్దం ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని చూడగానే నవ్వు ఆగిపోయింది.

"సోయంగ్, చార్జరు లోపలుంది. మిషన్ పెట్టు. ఇప్పుడే."

"సాక్ష్యాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు!" మేంగ్ అడ్డం వచ్చాడు.

"అయితే మీరే పట్టుకోండి. నన్ను తర్వాత అరెస్టు చేద్దురుగాని. మీ ఫోన్ తీయండి."

మేంగ్ ఫోన్ తీసి, వాళ్ల వెనకే ఇంట్లోకి నడిచాడు. సోయంగ్ మిషన్ తగిలించి, మూతిని గోడ వైపు తిప్పి నొక్కింది. గోడ మీద చిన్న ఎర్ర చుక్క. మేంగ్ గోడను ఫోన్‌లోంచి చూశాడు. ఎర్ర చుక్క చుట్టూ ఊదారంగు మరక.

"పచ్చ కళ్లజోడు అడ్డం పెట్టు."

సోయంగ్ కోటు జేబులోంచి తీసి పెట్టింది. ఫోన్‌లో మరక మాయమైంది.

"ఇప్పుడిది." హేరాన్ అత్త నీళ్ల అద్దాన్ని అడ్డం పెట్టింది.

ఊదారంగు మరక అక్కడే ఉంది. ఇందాకటి కన్నా ఇసుమంత కూడా తగ్గలేదు.

"ఇది పెట్టుకుని, వెలుగు రావట్లేదేమని ఎవరైనా ఆ మూతిలోకి తొంగి చూస్తే?" అడిగింది హేరాన్.

సోయంగ్ మిషన్ ఆపేసింది. "నొప్పి తెలీదు. చూపు మధ్యలో మచ్చ పడుతుంది. ఎదురుగా ఉన్నది కనపడదు, పక్కనున్నవి కనపడతాయి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్తే కొంత తిరిగిరావచ్చు. ఎవరే? ఎవరు చూశారు?"

"అలాంటివాళ్లు ఎదుటి మనిషిని ఎలా చూస్తారు?"

"మొహం కాస్త పక్కకు తిప్పుకుని. అలా అయితేనే కనపడేది."

బల్ల మీద పారిన టీ. తలుపు పిడి కోసం తడిమిన చెయ్యి. తన చెవితో మాట్లాడిన అత్త. రాత్రంతా తాను అలక అనుకున్నది అలక కాదు. ఉన్న కాస్త చూపుతో తన మొహాన్ని వెతుక్కోవడం. ఆ సంగతి బయటపడితే మాల్‌సున్ మీదికీ, దక్‌సెంగ్ మీదికీ, సోయంగ్ మీదికీ వస్తుందని ముసలిది నోరు మెదపలేదు. ఎప్పటిలా అద్దం పెట్టుకుని పనికి పోయింది.

నల్లరాళ్ల ముందు తెల్లటి వల. నీళ్లలో దిగితే ఎదురుగానే కనిపిస్తుందిలే.

"అత్త సముద్రంలో ఉంది," అని హేరాన్ పరుగెత్తింది.

* * *

పొయ్యి దగ్గర మాల్‌సున్ అప్పటికే లేచి నిలబడి చారు మూతను గరిటెతో మోగిస్తోంది. నీళ్ల మీద, దిగినవాళ్ల జాడ చెప్పే నారింజరంగు తేలుబుర్రలు అన్నీ ఎడంవైపు, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం కుడివైపు, నల్లరాళ్ల ముందు తేలుతోంది.

"ఒక్సిం అక్కే అది! ఎంత పిలిచినా అటే పోతోంది. అటు పోకే అని పొద్దున చెప్పానే!" మాల్‌సున్ గొంతు పగిలింది.

అత్త తల పైకి వచ్చింది. బిగబట్టిన ఊపిరి వదిలిన ఈల వినిపించింది, పొడుగ్గా, చివర్లో కాస్త వణుకుతూ. వంద ఈలల్లోనైనా హేరాన్ దాన్ని పోల్చుకుంటుంది. చిన్నప్పుడు ఆ ఈల వినపడేదాకా తానూ ఒడ్డున ఊపిరి బిగబట్టేది. అత్త ఎదురుగా ఉన్న తేలుబుర్ర కోసం చెయ్యి చాపింది. చెయ్యి నీళ్ల మీద పడింది. మళ్లీ చాపింది, మళ్లీ నీళ్లే. తల పక్కకు వాల్చి దాన్ని పట్టుకుంది. కాసేపు దాని మీద వాలి, మళ్లీ తలకిందులై మునిగింది. ఆమె కాళ్లు మాయమైన చోటికి నాలుగు బారల ముందు నీళ్ల కింద ఏదో తెల్లగా కదులుతోంది.

"నాకు ఈత రాదు!" అన్నాడు వెనకే వచ్చిన మేంగ్, జీవితంలో మొదటిసారి ఏదో రాదని ఒప్పుకుంటూ. ఆ వెంటనే బూట్లు విప్పకుండానే పడవరేవు వైపు పరుగు తీశాడు. "పడవ! ఎవరైనా పడవ తీయండి!"

పడవ వచ్చేదాకా ఆగే ఊపిరి కాదది. హేరాన్ కోటు విసిరేసి దూకింది.

పద్దెనిమిదేళ్లుగా ఆమె ఈ నీళ్లలో దిగలేదు. చల్లదనానికి గుండె ఆగినట్టయింది. మొదటి తన్నుకే మోకాల్లో ఏదో పుటుక్కుమంది. సగం తెగిన లిగమెంట్‌లో మిగిలిన సగం కూడా పోయిందేమో. పోనీ. ఆ కాలిని వదిలేసి రెండు చేతులతో ఈదింది. తేలుబుర్ర దాటింది, తెల్లటి వల దాకా వెళ్లింది, మునిగి కళ్లు తెరిచింది. ఉప్పునీళ్లలో అంతా మసక. ఆ మసకలోంచి ఒక నల్లటి ఆకారం చేతులు ముందుకు చాచి, నేరుగా వల వైపే, తనవైపే వస్తోంది. హేరాన్ వలకూ అత్తకూ మధ్య అడ్డంగా నిలబడి, వచ్చిన ఆ చేతులను రెండు చేతులతో పట్టుకుని పైకి తన్నింది.

ఇద్దరి తలలూ ఒకేసారి నీళ్ల మీదికి వచ్చాయి. అత్త ఈల, హేరాన్ దగ్గు కలిసిపోయాయి. ఇద్దరి మొహాల మధ్యా జానెడు ఎడం కూడా లేదు. అత్త అద్దం పైకి నెట్టి, హేరాన్ కళ్లలోకి తిన్నగా చూసింది.

"ఎవరే అది?" అంది కోపంగా. "మాల్‌సునా? కాలు మానకుండా నిన్నెవరు దిగమన్నారే?"

హేరాన్ ఇంకా దగ్గుతూనే ఉంది. ఆ చేతులను మాత్రం వదల్లేదు.

జవాబు రాకపోయేసరికి అత్త మొహం నెమ్మదిగా పక్కకు తిప్పుకుంది. పొద్దున టీ పోస్తూ తిప్పుకున్నట్టే తిప్పుకుంది. కంటి కొసతో కాసేపు వెతికింది. ఆ తర్వాత నీళ్లు కారుతున్న ముడతల మొహం అంతా విచ్చుకుంది.

"నువ్వా పిల్లా," అంది హేరాన్ చెవితో. "అట్లు తిన్నావా?"